దారానికి అవతల రాజుగారు

ఒకానొక రాజ్యంలో అనగానే మీరు లక్ష సైన్యమూ వెయ్యి ఏనుగులూ ఊహించుకుంటారేమో. ఈ రాజ్యంలో ఏనుగు ఒక్కటే, అదీ ముసలిది. రాజధాని పేరు రేగులపాడు. తూర్పు వాకిట్లో ఎవరైనా తుమ్మితే పడమటి వీధిలో 'చిరంజీవ' అనేవాళ్ళు. అంత ఊరు.

దాన్ని ఏలేవాడు ప్రచండభూపతి. మనిషి చెడ్డవాడు కాదు, ఆ మాట ముందే చెప్పుకోవాలి. కాకపోతే తన పేరంటే తనకే మహా ముద్దు. ఆయనకి ముప్పై రెండు బిరుదులుండేవి. ఎవరిచ్చారని అడక్కండి, తనకి తనే ఇచ్చుకున్నాడు. భట్రాజు ఆ బిరుదులు చదువుతున్నంతసేపూ ఎక్కడివాళ్ళు అక్కడ కదలకుండా నిలబడాలి. ముక్కు మీద ఈగ వాలినా తోలుకోకూడదు. అంతేనా, రాజుగారికి ఎవరూ వీపు చూపించకూడదు. కొలువు నుంచి వెళ్ళేవాళ్ళు వెనక్కి వెనక్కి నడిచి వెళ్ళి గుమ్మానికి తల కొట్టుకుంటూ ఉండేవాళ్ళు.

ఆ రాజుగారికి తమలపాకులు చుట్టి అందించే ఉద్యోగం వెంగన్నది. పొద్దస్తమానం అడపం పట్టుకుని, అంటే ఆ తాంబూలపు పెట్టె పట్టుకుని, రాజుగారి కుడిపక్కన నిలబడటమే అతని పని. అక్కడ నిలబడి నిలబడి రాజుగారి మనసు ఎప్పుడు ఎటు ఒరుగుతుందో అతనికి బాగా తెలిసిపోయింది. నోరు మాత్రం ఊరుకునేది కాదు. ఏదో ఒక రోజు ఆ నోరే మన కొంప ముంచుతుందని అతని భార్య అన్నం పెట్టినప్పుడల్లా అనేది.

రెండేళ్ళ కిందట ఆ ఊరికి పదకొండు బళ్ళు వచ్చాయి. పడమటి దేశంలో ఏదో యుద్ధం జరిగి వాళ్ళ ఊరు తగలబడిపోయిందట. దూదేకి పరుపులు కుట్టేవాళ్ళు, ముసల్మానులు. వాళ్ళ పెద్ద దస్తగిరి. ఆకలితో వచ్చారు, చిన్నపిల్లలున్నారు, పొమ్మనడానికి ఎవరికీ నోరు రాలేదు. తూర్పు వాకిలి లోపల ఖాళీ నేల చూపించి ఉండమన్నారు.

వచ్చిన కొత్తలో ఊరికి వింత, ఆ తరవాత విసుగు. తెల్లవారితే చాలు, దూదేకే విల్లుల మోత టంయ్ టంయ్ మని చెవుల్లో పడేది. దూది పింజలు గాలికి లేచి మజ్జిగ కుండల్లో వాలేవి. రోజుకి ఐదుసార్లు వాళ్ళలో ఒక పెద్దాయన దిబ్బెక్కి నమాజుకి పిలిచేవాడు. ఆ మొదటి పిలుపుకి ఊరి కుక్కలన్నీ గొంతు కలిపేవి. వాళ్ళకీ ఊరంటే బెదురుగానే ఉండేది. ఆడవాళ్ళు బావికి గుంపుగా వచ్చి గుంపుగా వెళ్ళేవాళ్ళు, పలకరిస్తే తల దించుకునేవాళ్ళు. దాన్ని మన ఆడవాళ్ళు పొగరన్నారు. పరుపులు మాత్రం అందరూ వాళ్ళచేతే కుట్టించుకున్నారు. రాత్రిపూట ఆ పరుపుల మీదే హాయిగా పడుకుని వాళ్ళని తిట్టుకునేవాళ్ళు.

ఇలా ఉండగా బక్రీదు వచ్చింది. ఆ పండక్కి మేకను కోసి మూడు వాటాలు వేయడం వాళ్ళ ఆచారం. ఒకటి ఇంటికి, ఒకటి చుట్టాలకీ ఇరుగుపొరుగుకీ, ఒకటి లేనివాళ్ళకి. రెండేళ్ళు తమని భరించిన ఊరు కదా, ఇరుగుపొరుగంటే ఒక్క ఇల్లు కూడా విడిచిపెట్టకూడదనుకున్నాడు దస్తగిరి. విస్తరాకుల్లో చుట్టి, తలపాగా కట్టుకుని, స్వయంగా ఇంటింటికీ పంచుకుంటూ వెళ్ళాడు. ఆ వరసలో చివరి ఇల్లు రాజపురోహితులు కొండుభట్లుగారిది.

భట్లుగారు ఇంట్లో లేరు. వారి భార్య ఏదో పండేమో అనుకుని పొట్లం విప్పింది. ఆవిడ కేక కోటలోకి వినబడింది.

మర్నాడు కొలువులో కొండుభట్లు కళ్ళనీళ్ళ పర్యంతమయ్యాడు. "ప్రభూ, ఇల్లంతా కడిగించాను, శాంతి చేయించాను. మా ఆవిడ నిన్నటినుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. ఇవాళ నా గుమ్మంలోకి వచ్చింది, రేపు గుడిలోకి వస్తుంది. ఊరు ఊరుగా ఉండాలంటే వాళ్ళు ఉండకూడదు."

సభలో సగం మంది ఔనౌనన్నారు. మిగతా సగం ఔననకపోతే బాగుండదని ఔనన్నారు.

ప్రచండభూపతి మీసం సవరించుకున్నాడు. ఎదుటివాడు ఏడుస్తుంటే ఆయనకి శాసనం చేయబుద్ధవుతుంది. పైగా పది రోజుల్లో బొడ్రాయి పండుగ రాబోతోంది. ఊరి నడిబొడ్డున పాతిన రాయిని బొడ్రాయి అంటారు. పన్నెండేళ్ళకోసారి దానికి పండుగ చేసి, ఊరి చుట్టూ వేపకొమ్మలు పాతి, వాటి మీదుగా పసుపు నూలుదారం కడతారు. దారం కొసలు రెండూ తూర్పు వాకిట్లో ముడిపడితే ఊరు కట్టినట్టు. మూడు రోజులపాటు లోపలివాళ్ళు బయటికి పోరు, బయటివాళ్ళు లోపలికి రారు. తాతల నాటి ఆచారం అంతవరకే. రాజుగారికి అంతతో సరిపోతుందా?

"రాసుకోండి" అన్నాడు. "బొడ్రాయి తల్లి సాక్షిగా మా శాసనం. ముడి పడే వేళకి దారం లోపల ఉన్నవాడు ఊరివాడు. బయట ఉన్నవాడు పరాయివాడు. పరాయివాడు ఇక ఎన్నటికీ ఈ ఊళ్ళో అడుగు పెట్టరాదు. ముడి పడకముందే ఆ పదకొండు బళ్ళూ పొలిమేర దాటాలి."

వెంగన్న ఆకు చుడుతూ మెల్లిగా అడిగాడు. "ఎంతటివాడైనానా ప్రభూ? రేపు ఎవరైనా గొప్పవాడొచ్చి నాకు మినహాయింపు అంటాడేమో."

"ఎంతటివాడైనా సరే అని రాయి. శాసనమంటే గొప్పవాడికొకటీ బీదవాడికొకటీ ఉండదు."

"జాలిపడి ఎవరైనా లోపలికి పిలిస్తే?"

"పిలిచినవాడూ పరాయివాడే. వాణ్ణీ వెళ్ళగొట్టండి." తన న్యాయానికి తనే మురిసిపోయి రాజుగారు ఆకు నోట్లో పెట్టుకున్నాడు.

నిజానికి వెంగన్న అప్పుడేమీ ఎత్తు వేయలేదు. నోరు ఊరుకోక అడిగాడంతే. సాయంత్రం ఇంటికి పోతూ దూదేకులవాళ్ళ వీధి మీదుగా వెళ్ళాడు. దస్తగిరి గుడిసె ముందు కూర్చుని బండి చక్రానికి ఆముదం పూస్తున్నాడు. లోపల అతని కోడలు మూలుగుతోంది. నెలలు నిండాయి. మబ్బులు కమ్ముకొస్తున్నాయి, వానలు రేపో మాపో అన్నట్టున్నాయి.

"అప్పుడే తయారవుతున్నావా అన్నా?" అన్నాడు వెంగన్న.

"ఇది మూడో ఊరయ్యా. అలవాటైపోయింది" అన్నాడు దస్తగిరి. ఆముదం చెయ్యి తుడుచుకుని, "ఒక్క మాట అడుగుతాను, కోప్పడకండి. ఊళ్ళో అన్ని ఇళ్ళకీ పంచి పురోహితులవారి ఒక్క ఇల్లు వదిలేస్తే తప్పనుకున్నాను. మరి ఏం పంపాల్సింది?" అన్నాడు.

"బియ్యం, పప్పు, రెండు గుమ్మడికాయలు. స్వయంపాకమంటారు. పచ్చివి ఇస్తే వాళ్ళే వండుకుంటారు."

"అంతేనా?" అన్నాడు దస్తగిరి. "రెండేళ్ళయింది. ఆ మాట నాకొకళ్ళూ చెప్పలేదయ్యా."

వెంగన్నకి సిగ్గేసింది. రెండేళ్ళుగా అతనూ ఆ పరుపుల మీదే పడుకుంటున్నాడు, అతనూ చెప్పలేదు. నిండు చూలాలిని వానలో బండెక్కించి ఎక్కడికని తోలుతారు? ఆ రాత్రి అతనికి అన్నం సయించలేదు. భార్య అడిగితే ఏమీ లేదన్నాడు.

మర్నాడు కొలువులో కొత్త చిక్కు వచ్చిపడింది. బొడ్రాయికి పూజచేసే ముసలమ్మ మల్లక్క కర్ర పొడుచుకుంటూ వచ్చింది. ఆవిడ రాజుగారి తాతని కూడా ఒరే అన్న మనిషి.

"నాయనా, దారానికి ఈ ఏటి పత్తే కావాలి. తొమ్మిది పేటలు, ఊరి చుట్టూ సరిపోవాలి. వడకడానికి ఆడవాళ్ళున్నారు. దూదేకి, వడకడానికి వీలుగా చుట్టి ఏకులెవరు చేస్తారు? వెనకటిలా మేం కర్రలతో పత్తి కొట్టుకుంటూ కూర్చుంటే దసరా వస్తుంది. ఆ దూదేకులవాళ్ళు పదకొండు విల్లులూ పడితే ఎనిమిది రోజుల్లో తేలుతుంది."

రాజుగారు కొండుభట్లు వంక చూశాడు. భట్లుగారు గొంతు సవరించుకున్నాడు. "దూదికి మైల లేదు ప్రభూ. పని కానిచ్చుకుని, పండుగనాడు పొద్దున్నే పంపేద్దాం."

ఆ మాట విన్నాక వెంగన్నకి ఒళ్ళు మండింది. వాళ్ళని వెళ్ళగొట్టే దారానికి వాళ్ళే దూదేకాలా? ఒళ్ళు మండితే అతని బుర్ర బాగా పనిచేస్తుంది. ఆకు చుట్టి వినయంగా అందించాడు.

"ప్రభూ, నాదొక చిన్న సందేహం. పండుగనాడు తమరు ఎక్కడ వేంచేస్తారు?"

"తూర్పు వాకిలి లోపల. సింహాసనం వేయించండి."

"చిత్తం. అయితే వాళ్ళు వాకిలి దాటి వెళ్ళేటప్పుడు పదకొండు బళ్ళవాళ్ళూ తమకి వీపు చూపిస్తారు కదా. బళ్ళు వెనక్కి నడవవు ప్రభూ. పిల్లా పీచూ కలిపి అరవై డెబ్భై వీపులు."

రాజుగారి మొహం మాడింది. అరవై డెబ్భై వీపులు ఆయన జన్మలో చూడలేదు.

"మరేం చేయమంటావోయ్?"

"వాకిలికి ఎదురుగా బయట మిట్ట ఉందిగా. తమరు ఏనుగెక్కి అక్కడ వేంచేస్తే, వాళ్ళు తమకి ఎదురొచ్చి, దణ్ణం పెట్టి, పక్కదారిన పోతారు. అంతటి రోజున ముప్పై రెండు బిరుదులు ఏం సరిపోతాయి? నూట ఎనిమిది చదివిస్తే వాళ్ళు ఏ దేశం పోయినా తమ పేరు చెప్పుకుంటారు."

ప్రచండభూపతి పెదవుల మీద చిరునవ్వు పాకింది. ఆ వారమంతా ఆయన ఇంకే పనీ చూడలేదు. తాళపత్రం ముందేసుకుని డెబ్భై ఆరు కొత్త బిరుదులు తనే కూర్చుకున్నాడు.

పండుగ రోజు వచ్చింది. తెల్లవారగానే మల్లక్క దారపు కండె ఒళ్ళో పెట్టుకుని, తూర్పు వాకిట్లో ఒక కొస గుంజకి కట్టి, ఆడవాళ్ళ వెంట ఊరు చుట్టడానికి బయలుదేరింది. పొద్దు నడినెత్తికి వచ్చే వేళకి తిరిగి వచ్చి ముడి వేయాలి.

ఇటు రాజుగారి ఊరేగింపు బయలుదేరేసరికే బారెడు పొద్దెక్కింది. కిరీటం ఏటవాలుగా ఉందని రెండుసార్లు సర్దించుకున్నాడు. ముసలి ఏనుగు ఆయన్ని మోసుకుని మిట్టెక్కింది. పక్కన గొడుగు పట్టేవాడు, కొండుభట్లు, భట్రాజు, అడపంతో వెంగన్న. ఎదురుగా వాకిలి లోపల పదకొండు బళ్ళూ బారుతీరి ఉన్నాయి. మొదటి బండిలో కోడలు పడుకుని ఉంది, ముందు దస్తగిరి నిలబడి ఉన్నాడు. ఊరి జనమంతా వీధికి అటూ ఇటూ చేరారు. తిట్టినవాళ్ళకి కూడా ఆ బళ్ళు చూస్తే మనసు బాగాలేదు.

దస్తగిరి ఎడ్లని అదిలించబోయాడు. సరిగ్గా అప్పుడు భట్రాజు గొంతెత్తాడు.

"పరరాజభయంకర! ద్వాదశగ్రామాధీశ్వర! ఏకగజసేనాధిపతీ!"

ఎక్కడివాళ్ళు అక్కడ ఆగిపోయారు. దస్తగిరి చేతులు కట్టుకుని తల వంచాడు. బిరుదులు చదువుతుంటే కదిలితే దండన అని ఊళ్ళో అడుగుపెట్టిన మొదటి రోజే అతనికి ఎవరో చెప్పారు. ఆ మాట చెప్పడానికి మాత్రం మనుషులు దొరికారు.

బిరుదులు సాగుతున్నాయి. కొత్తవి మరీ పొడుగ్గా ఉన్నాయి. ఒక్కొక్కటి పలికేసరికి భట్రాజుకి ఆయాసం వస్తోంది. రాజుగారు కళ్ళు మూసుకుని తల ఊపుతున్నాడు. అరవయ్యోది దాటాక, "ఆషాఢమేఘగర్జన అనేది మళ్ళీ ఒకసారి చదువు" అన్నాడు. మళ్ళీ చదివాడు. వెంగన్న చూపంతా ప్రాకారం మూల మీదే ఉంది. చేతిలో పెట్టె చెమటకి జారిపోతోంది. ఈ ఎత్తు తప్పితే ముందు తెగేది తన తల అని అతనికి తెలుసు.

తొంభై ఒకటో బిరుదు దగ్గర ప్రాకారం మూల మల్లక్క కర్ర చప్పుడు వినబడింది. రాజుగారి తాతనే ఒరే అన్న ముసలమ్మకి బిరుదులతో పని లేదు. తిన్నగా వాకిట్లోకి వచ్చి, సూర్యుణ్ణి ఒకసారి చూసి, రెండు కొసలూ కలిపి ముడి వేసింది. ఆడవాళ్ళు దణ్ణం పెట్టారు. డప్పులు మోగాయి.

రాజుగారు కళ్ళు తెరిచాడు. ఎదురుగా నడుమెత్తున పసుపు దారం. దారానికి అవతల పదకొండు బళ్ళూ, ఊరంతా. ఇవతల తనూ, ఏనుగూ, ఇంకో నలుగురూ.

"ఆ ముడి విప్పండి" అన్నాడు.

ఎవరూ కదల్లేదు. మల్లక్క తాపీగా చెప్పింది. "విప్పితే ఊరికి అరిష్టం నాయనా. పైగా నువ్వు ఇప్పుడు బయటివాడివి."

"శాసనం రద్దు చేస్తున్నాను."

వెంగన్న తల వంచాడు. "ప్రభూ, శాసనం మార్చాలంటే సింహాసనం మీద కూర్చుని మార్చాలని తమ తాతగారి కట్టడి. సింహాసనం లోపలుంది."

"నువ్వు..." అంటూ రాజుగారు అతని వైపు తిరిగాడు. "ఇదంతా నీ పనేనా?"

"నేనూ బయటే ఉండిపోయాను ప్రభూ. నా భార్య, పిల్లలు లోపలున్నారు. ఎంతటివాడైనా సరే అని తమరే సెలవిచ్చారు. నేనెంతటివాణ్ణి?"

ఎండ మాడుతోంది. ఏనుగు కాళ్ళు మార్చుకుంటోంది. కొండుభట్లుకి మడి నీళ్ళు లోపల, మాధ్యాహ్నిక సంధ్య లోపల, భార్య లోపల. ఆయన గొంతెత్తి ఊరివాళ్ళని పిలిచాడు. "ఎవరైనా ఒకళ్ళు రమ్మనండి, అతిథులుగా లోపలికి వస్తాం. మా ఇంటికి రండని ఒక్క మాట చాలు."

జనం ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. సేనాపతి నేల చూపులు చూశాడు. పిలిచినవాడూ పరాయివాడే. ఇల్లూ వాకిలీ వదిలి పోవాలి. రాజుగారి మీద ఎంత భక్తి ఉన్నా, ఉన్న ఇల్లు ఎవరు వదులుకుంటారు?

రాజుగారు ఒక్కొక్క మొహమే చూశాడు. తన ఉప్పు తిన్నవాళ్ళు, తన నీడన బతికినవాళ్ళు. ఒక్కడూ నోరు తెరవలేదు. పొమ్మన్నచోట నిలబడటం ఎలా ఉంటుందో ఆయనకి మొదటిసారి తెలిసింది.

అప్పుడు దస్తగిరి ముందుకొచ్చాడు. దారం దగ్గర నిలబడి చేతులు జోడించాడు.

"దొరా, మా ఇంటికి రండి."

"నీకు శిక్ష తెలుసా?" అన్నాడు రాజుగారు.

"తెలుసు దొరా. పిలిచినవాణ్ణి వెళ్ళగొడతారు. మా బళ్ళు ఎలాగూ కట్టే ఉన్నాయి." అతను ఒంగి దారం కొంచెం పైకెత్తి పట్టుకున్నాడు. "ఎండలో నిలబడ్డారు. ముందు వచ్చి మంచినీళ్ళు పుచ్చుకోండి. మమ్మల్ని తరవాత పంపుదురుగాని."

మల్లక్క కాదనలేదు. గడప లోపలివాడు పిలిస్తే వచ్చినవాడు అతిథి, దారం తెగనక్కర్లేదంది.

ప్రచండభూపతి ఏనుగు దిగాడు. దారం కింద నుంచి రావాలంటే తల వంచాలి. కిరీటం అడ్డొచ్చింది, తీసి చేత్తో పట్టుకున్నాడు. ఒంగి లోపలికి వచ్చాడు. వెనకాలే కొండుభట్లు, భట్రాజు, గొడుగువాడు, అందరికన్నా ఆఖరున వెంగన్న. ఏనుగు మాత్రం మూడు రోజులు బయటే ఉండిపోయింది.

దస్తగిరి కొత్త ముంతతో నీళ్ళిచ్చాడు. రాజుగారు గటగటా తాగాడు. ఊరంతా చూస్తోంది. శాసనం ప్రకారం ఇప్పుడు దస్తగిరి పోవాలి. అతనూ అదే అనుకుని బండి వైపు తిరిగాడు.

"ఆగవయ్యా" అన్నాడు రాజుగారు. చేతిలో ముంత వంక చూశాడు. ఆయన ఆలోచిస్తే మీసం కదులుతుంది. మీసం కదిలింది. "వెంగన్నా, నేనిప్పుడు ఈ ఊళ్ళో ఏ హోదాలో ఉన్నట్టు?"

"ఈయన ఇంటికి వచ్చిన అతిథిగా ప్రభూ."

"ఇంటివాడు ఊరు వదిలిపోతే?"

"అతిథి ఎక్కడుంటాడు ప్రభూ? వెంట పోవాల్సిందే."

"అంటే ఈయన ఈ ఊళ్ళో ఉన్నన్నాళ్ళే నేనూ ఉంటాను."

"తమ శాసనం అలాగే ఉంది."

రాజుగారికి నవ్వొచ్చింది. ముందు ముక్కులోంచి, తరవాత పొట్టలోంచి. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. "ఎడ్లని విప్పండి" అన్నాడు. "బళ్ళు దింపండి. కోడలమ్మాయిని లోపలికి తీసుకుపోండి. ఈయన్ని ఎవడైనా ఈ ఊరినుంచి కదిపాడో, నా సింహాసనం కదిపినట్టే." కొండుభట్లు అందరికన్నా ముందు వెళ్ళి మొదటి బండి కాడి పట్టుకున్నాడు. చేయడం రాక వేలు నలుపుకున్నాడు గానీ, పట్టు మాత్రం వదల్లేదు.

రాజుగారు చేతి బంగారు కంకణం తీసి వెంగన్న వైపు చాచాడు. "నీ నోటిని కోయించాలో, నీకిది తొడగాలో తెలియడం లేదోయ్. తీసుకో."

వెంగన్న రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "తొందరపడకండి ప్రభూ. అతిథిగా వచ్చినచోట దానాలు చేసేముందు ఇంటి యజమానిని ఒక మాట అడగాలి."

ముప్పై రెండు, కాదు, తొంభై ఒక్క బిరుదులవాడు దస్తగిరి వైపు తిరిగాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన ఒకళ్ళని అనుమతి అడగడం అదే మొదలు. మాట ఎలా మొదలుపెట్టాలో కూడా తెలియలేదు.

"ఏమయ్యా, ఇవ్వొచ్చా?"

"ఇవ్వండి దొరా" అన్నాడు దస్తగిరి. "మీ ఊరే కదా."

"కాదులే, మన ఊరు" అన్నాడు ప్రచండభూపతి, కంకణం వెంగన్న చేతికి తొడుగుతూ.